సున్నిపిండికి పోని నలుపు

ఆ ఆదివారం స్వప్నకు తలంటు పోస్తుంటే మెడ వెనక నల్లటి చార కనిపించింది. సున్నిపిండితో రుద్దాను, బీరపీచుతో రుద్దాను. మెడ ఎర్రబడింది గానీ నలుపు పోలేదు.

"నేనంత మురికిగున్ననా అమ్మా?" అని ఏడ్చింది. తొమ్మిదేళ్ల పిల్ల.

"మంచిగ తానం చేస్తే గిట్లెందుకైతది?" అని ఇంకాస్త రుద్దాను. నెల రోజులు ఇదే తంతు.

జ్వరమొస్తే మేముండే ఖమ్మంలోనే పిల్లల డాక్టరమ్మకు చూపించాం. ఆమె గొంతు చూసి, మెడ దగ్గర ఆగింది. "ఇది మురికి కాదమ్మా, అకాంథోసిస్. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోతే చర్మం ఇలా నల్లబడుతుంది." బరువు తూచి, బ్లడ్ టెస్టులు రాసింది. షుగర్ ఇంకా రాలేదు, బరువు ఇలాగే పెరిగితే రావచ్చు అంది.

"మాది ఇంటి తిండే మేడం" అన్నాను. నిజమే మరి, క్రీం బిస్కెట్లు, మిక్చర్ కూడా ఇంట్లో టీవీ ముందే తినేది!

ఒకటి మాత్రం అంతుపట్టలేదు. చర్ల దగ్గర పల్లెలో మా అక్క కూతురు లచ్చిమికీ తొమ్మిదేళ్లే. స్వప్న కంటే రెండింతల అన్నం తింటుంది, అయినా సన్నగా, చలాకీగా ఉంటుంది. వేసవి సెలవుల్లో వెళ్లి నాలుగు రోజులు దాని వెంటే తిరిగాను. తెల్లారేసరికి తల్లితో బీడీలు చుట్టే తునికాకు కోతకు అడవికి పోయేది. వచ్చి ఆకు కట్టలు కట్టేది, బోరింగు నీళ్లు మోసేది, చీకటి పడేదాకా ఆడేది.

"మధ్యల ఏం తినదా అక్కా?"

"ఏం తింటదే? దుకాణం రెండు మైళ్లున్నది. ఆకలైతే అన్నం తినాలె, లేకుంటే ఆడుకోవాలె."

తిండి చాలక బక్కచిక్కిన పిల్లలూ ఆ పల్లెల్లో ఉన్నారు, అది వేరే బాధ. లచ్చిమి మాత్రం కడుపునిండా తిని, ఒళ్లలిసేలా తిరిగేది.

ఖమ్మం వచ్చాక చిరుతిండి పొట్లాలు కొనడం ఆపాను. ఆటో మాన్పించి, మార్కెట్ యార్డు పక్కనుంచి బడికి నడిపించాను. బరువు పెరగడం ఆగింది. ఇంతలో యార్డులో మిర్చి సీజన్ వచ్చింది. ఆ ఘాటుకు స్వప్నకు ఒకటే దగ్గు. మళ్లీ ఆటో, మళ్లీ బరువు.

"రోడ్డు మీదే నడవాలని నేను రాశానా?" అంది డాక్టరమ్మ, మళ్లీ చూపించినప్పుడు.

ఆ సాయంత్రమే డాబా మీద బొగ్గుతో తొక్కుడుబిళ్ల గీశాను. స్వప్నతో పాటు నేనూ గెంతాను. నా మోకాళ్లు నన్ను తిట్టుకున్నాయి.

ఇప్పుడు స్వప్న ఎనిమిదో తరగతి. రిపోర్టులు నార్మల్. నలుపు చాలావరకు తగ్గింది. మొన్న జడ వేస్తూ మెడ తాకితే చటుక్కున భుజాలు ముడుచుకుంది.

"నొప్పా?"

"లేదమ్మా, అలవాటైంది."

"తప్పు నాదే బిడ్డా" అన్నాను, నాలుగేళ్లకు.

మీ పిల్లల మెడ నల్లబడితే రుద్దకండి. ముందు డాక్టర్‌కు చూపించండి.