ఒక్క లైనుతో మలేరియా మాయం

ఈ రోజు మా భద్రాచలం ఆఫీసుకు మలేరియా సర్వే రిపోర్టు వచ్చింది. దోమతెరలు ఏ ఊళ్లకు పంపాలో తేల్చేది అదే. చూస్తే చర్ల వైపు అడవి ఊరు ఒక్కటీ లేదు. వాగులు దాటి, ఇల్లిల్లూ తిరిగి జ్వరాలు రాసుకొచ్చిన నర్సు లక్ష్మక్క నా వంక చూసింది.

"ఏంది తమ్మీ, నేను తిరిగిన ఊర్లు ఏడబోయినయ్?"

ఆ రిపోర్టు తయారుచేసిన, ఆర్ అనే కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాం తెరిచి ఒక్కో లైనూ నడిపించాను. నాలుగో లైనులో దొరికింది. ఏ ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆ మనిషి వరుస మొత్తం తీసేయమని ఉంది. ఆ ఊళ్లలో సెల్ టవరే లేదు. ఫోన్ నంబరు గడి అందరికీ ఖాళీయే.

అది రాసిన హైదరాబాద్ నిపుణుడికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"డేటా క్లీన్ చేసిన బ్రదర్. ఎర్రర్ వస్తలేదు కదా?" అన్నాడు గర్వంగా.

"ఫోన్ లేనోళ్లకు జరం రాదా సారూ?" అంది లక్ష్మక్క.

"సిగ్నల్ లేదమ్మా, వినపడ్తలేదు" అని పెట్టేశాడు.

నంబరు గడిని వదిలేసి మళ్లీ నడిపిస్తే ఊళ్లన్నీ తిరిగొచ్చాయి, జ్వరాలతో సహా. ఏసీ గదిలోంచి కదలకుండా మలేరియాను నిర్మూలించిన ఇలాంటి మహానుభావుడు మీ ఆఫీసులోనూ ఉన్నాడా?