ఎవరూ ఇవ్వని డేటా

ఉద్యోగంలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో నాకో జబ్బుండేది. ఏ మాట దొరికినా దాని వేళ్లు తవ్వి పదిమందికీ చూపించేదాకా నాకు అన్నం సహించేది కాదు. (నన్ను వాళ్లెలా సహించారో నేనెప్పుడూ ఆలోచించలేదు.) మా ఆఫీసు ఎలక్ట్రానిక్ సిటీలో. స్టాఫు బస్సుకు కొత్త స్టాపు ఎక్కడ పెట్టాలో తేల్చడానికి, ఆ పక్కనే హెబ్బగోడిలో ఉండే మా సిబ్బంది ఇళ్లకు వెళ్లి, పాత స్టాపుకు ఎంతసేపు నడుస్తున్నారో అడిగి ఫారాలు నింపుకురమ్మని నన్ను పంపారు. రెండు వీధులు తిరిగేసరికి ఎండ మాడ్చేసింది. కాలువ అవతలి వీధి ఫారాలన్నీ నా గదిలో ఫ్యాను కింద కూర్చుని ‘ఐదు నిమిషాలు’ అని నేనే నింపేశాను.

మర్నాడు మీటింగులో డేటా అన్న మాట రాగానే లాటిన్ ఎత్తుకున్నాను. ‘దారే’ అంటే ఇవ్వడం, ‘దాతుం’ అంటే ఇచ్చినది, అలాంటివి నాలుగైతే డేటా, మన దాత, దానం దీనికి చుట్టాలే అని ఊదరగొట్టాను. మా బాసు తెలుగాయనే, నా ఫారాలు తిరగేస్తూ ఓపిగ్గా విన్నాడు. “బావుందయ్యా. మరి కాలువ అవతలి డేటా నీకెవరిచ్చారు?”

“వాళ్లే సార్,” అన్నాను.

కాఫీ కప్పులు తీస్తున్న హౌస్‌కీపింగ్ అక్క ఉండేది సరిగ్గా ఆ వీధిలోనే. ఆయన అటు తిరిగాడు. “ఏమక్కా, ఈ అబ్బాయి మీ ఇంటికొచ్చాడా? నడక ఐదు నిమిషాలేనా?”

ఆవిడ నా మొహం చూసింది. (ప్రొబేషన్‌లో ఉన్నవాడి మొహం ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?) “వచ్చినాడు సార్. ఐదు నిమిషాలే,” అంది.

సాయంత్రం పాత స్టాపులో దిగి, సిగ్గుతో చచ్చిపోతూ ఆవిడ వెంట ఇంటిదాకా నడిచాను. కాలువ మీద వంతెన లేదు. చుట్టు తిరిగి వెళ్లేసరికి పాతిక నిమిషాలు పట్టింది.

“అట్లా ఎందుకు చెప్పావక్కా?”

“నీ పని పోతే మీయమ్మకు ఏం చెప్తావప్పా? మాకేముండాది, నడక అలవాటే,” అంది.

పొద్దున్నే బాసు దగ్గర నిజం కక్కేశాను. ఆయన నా ప్రొబేషన్ మూడు నెలలు పొడిగించి, మళ్లీ ఇంటింటికీ తిప్పాడు. చివరికి కాలువ అవతల స్టాపు వచ్చింది. నాకు మాత్రం ఆవిడ ఎదుట తలెత్తుకోవడానికి చాలా రోజులు పట్టింది.

ఇప్పుడు డాక్టరు నన్ను రోజూ పాతిక నిమిషాలు నడవమన్నాడు. పదిహేనో నిమిషానికే ఆయాసపడి అరుగు మీద కూలబడుతుంటే, నవ్వూ సిగ్గూ ఒకేసారి వస్తాయి. ఆ అక్క నాకోసం అబద్ధమాడింది రెండుసార్లనీ, అలవాటే అన్నది రెండోసారనీ ఇన్నాళ్లకు తెలిసింది.