పిలవని అత్త

మా తమ్ముడి కూతురు యూనివర్సిటీలో జపాను భాష చదువుతోంది. చదువులో భాగంగా ఏడాదిపాటు ఆ దేశంలోనే ఉండి వచ్చింది. అది మోసుకొచ్చిన కొత్త మాటల బరువుకి విమానం ఒక పక్కకి ఒరిగిందని మా రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్ అంతా నేనే చెప్పాను. పక్క క్వార్టరు బెంగాలీ దీదీ నమ్మింది కూడా.

తీరా యూనివర్సిటీలో పదాల పరీక్ష పెడితే, ఇక్కడే కూర్చుని బట్టీపట్టిన స్నేహితురాలికి దానికన్నా ఎక్కువ మార్కులొచ్చాయి. వర్క్‌షాపులో పనిచేసే మా తమ్ముడు నెమ్మదిగానే అడిగాడు.

"ఏడాదుండి ఏటి నేర్సినావమ్మా?"

ఆ ప్రశ్న పిల్లని వదల్లేదు.

తరవాత దుబాసీ ఉద్యోగానికి ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ వచ్చింది. మా ఇంట్లో నెట్ బాగుంటుందని పొద్దున్నే వచ్చేసింది. కుదురుగా ఉండదు. గుమ్మం దాకా వెళ్తుంది, వెనక్కి వస్తుంది. చప్పుడని ఫ్యాను ఆపేస్తుంది, చెమటని మళ్లీ వేస్తుంది. అంతలో గూడ్సు కూత వేసింది.

"అత్తా, ఇంటర్వ్యూ అప్పుడు కూడా ఇలాగే కూస్తాదేటి?"

"డ్రైవరుకి సెప్పినాన్లే. మన వీధి దగ్గర బండి సెప్పులిప్పి నడుస్తాది."

నవ్వలేదు. గదిలోకి వెళ్లి ఇయర్‌ఫోన్ కోసం సంచీ అంతా కుమ్మరించింది. కాసేపటికి "అత్తా" అని కేక. పెనం మీద అట్టు వదిలేసి పరుగెత్తాను.

"ఏటే?"

"ఏటీ లేదు. నేను పిలవనేదు."

"అత్తా అన్నావు కదే."

దానికి అప్పుడు తట్టింది. "దొరికింది అన్నానత్తా. జపానోళ్లు ఏదైనా దొరికితే 'అత్తా' అంటారు. ఇది కనబడగానే నోట్లోంచి వచ్చీసింది."

"ఎల్లకముందు ఈ మాట రాదా?"

"వచ్చు. ఆలోచిస్తే వచ్చేది."

"మరి మీ నాన్నకి సెప్పవేటి?"

"ఏటని సెప్పను? ఏడాదికి ఒక్క మాటనా?"

అట్టు మాడిపోయింది.

ఇంటర్వ్యూ జరుగుతుంటే తలుపు చాటున నిలబడ్డాను. ఒక్క ముక్క అర్థం కాలేదు గాని, ఎక్కడ ఆగిందో తెలుస్తుంది కదా. గలగలా పోతూ ఒకచోట ఆగిపోయింది. ఏదో పెద్ద మాట చిక్కలేదు. నేను తలుపు గడియ గట్టిగా పట్టుకున్నాను. పిల్ల చేతులు తిప్పుతూ, చిన్న చిన్న మాటలతో దాని చుట్టూ తిరిగింది. అవతలి ఆవిడ నవ్వి ఆ పెద్ద మాట అందించింది. ఇది దాన్ని అందుకుని, ఆ ఊపులోనే ముందుకి పోయింది.

కబురు చేస్తామన్నారట. పిల్ల మళ్లీ గుమ్మానికీ గదికీ నడక మొదలుపెట్టింది. భోజనం వేళ తమ్ముడు ఫోన్ చేశాడు.

"అప్పా, ఎలాగయింది? నీ కతలొద్దు."

"ఒకచోట మాట దొరక్క ఆగిపోనాది. సుట్టూ తిరిగి, ఆవిడ చేతే దాన్ని సెప్పించుకుంది."

ఈసారి కథ కాదని వాడికి ఎలా తెలిసిందో గాని, ఎదురు ప్రశ్న వేయలేదు.

"దానికియ్యి ఫోను."

పిల్ల ఫోను చెవిన పెట్టుకుంది, నడక ఆపలేదు.

"అవును నాన్నా, ఆగిపోనాను. ఆ మాట ఇప్పుడు వచ్చు. సెప్పమంటావా?"