హాల్లో నీళ్ళకాగు

మా అమ్మ కాపురానికి వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్న రాగి కాగు ఇప్పుడు గుంటూరు పక్కన నల్లపాడులో, మా అపార్ట్‌మెంటు హాల్లో, టీవీ పక్కన ఉంది. రెండు బిందెల నీళ్ళు పడతాయి. పొదిలి దగ్గర మా ఊళ్ళో అది పెరటి పొయ్యి దిగేది కాదు. మసి ఎంత మందంగా పట్టి ఉండేదంటే, అది రాగిదని నాకు చాలా ఏళ్ళు తెలియనే తెలియదు. ఇనపదనుకునేవాణ్ణి. మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకూ అమ్మ ఆ కాగులో కాగిన నీళ్ళే పోసింది. నాకూ, తమ్ముడికీ, మా పిల్లలకీ అంతే.

తమ్ముడు గీజరు పెట్టించాక కాగు అటకెక్కింది. మా ఆవిడ కన్ను దాని మీద పడింది. ఈ మధ్య ఎవరింటికి వెళ్ళినా రాగి సీసా, రాగి గ్లాసు, గోడకి రాగి పళ్ళెం. మనకు మాత్రం ఏం తక్కువంటూ దాన్ని కారు డిక్కీలో వేయించింది. ఇంటీరియర్ చేసే ఆయన ఎవరో దాన్ని తోమించి, అద్దంలా మెరిసేలా పాలిష్ పట్టించి, పైన వార్నిష్ కొట్టించి తెచ్చాడు. లోపల మనీప్లాంటు పెట్టాడు. వేళ్ళు కుళ్ళకుండా ఉండాలని అడుగున చిటికెన వేలు పట్టేంత బెజ్జం కూడా పెట్టాడు.

బెజ్జం చూసి నాకు ఒళ్ళు మండింది. "నీళ్ళ కాగుకు బెజ్జమా? రేపు నా నెత్తికి కూడా పెట్టిస్తావా?" అని అరిచాను.

"మీ నెత్తికి పెట్టించినా కారడానికి ఏమీ లేదులెండి. అత్తయ్యకి మాత్రం చెప్పకండి" అంది.

చెప్పలేదు. అమ్మ ఊళ్ళో తమ్ముడి దగ్గర ఉంటుంది, ఇక్కడి కాగు అడుగు ఆవిడకెలా కనబడుతుందనుకున్నాం. కానీ మా అమ్మాయి పురిటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. మునిమనవరాలికి నీళ్ళు పోయడానికి ఆముదం, సున్నిపిండి, సాంబ్రాణి మూట కట్టుకుని అమ్మ దిగింది. దిగీదిగగానే కాగును చూసింది.

"నా కాగులో తీగ పెట్టారేందే?"

"అందంగా ఉంటుందనండి అత్తయ్యా."

"ఉండనీలే. ఆదివారం పిల్లకి తలకి పోస్తా. అప్పటికి ఖాళీ చెయ్యి. గీజరు నీళ్ళకి పసిదాని ఒళ్ళు గట్టిపడదు." మూట విప్పుతూ, "ఇంకో పిల్లకి పోసేదాకా నేనుంటానా ఏంది, ఈ పిల్లతో ఆఖరు" అంది.

ఆవిడ అడిగింది ఒక్క కాగెడు వేణ్ణీళ్ళు. మేమేమో దానికి చిల్లు పెట్టించి కూర్చున్నాం.

అపార్ట్‌మెంటులో పొయ్యి వెలిగించనివ్వరని మా ఆవిడ చెప్పి చూసింది. అమ్మ వెంటనే కిందికి దిగి అసోసియేషన్ ప్రెసిడెంటునే అడిగింది. ఆయన వెనక వైపు ఖాళీ జాగా చూపించి, "నిక్షేపంగా కాచుకోండి మామ్మగారూ" అన్నాడు. ఇక మిగిలిన దారి, ప్లంబర్లు పైపులకు మెత్తే ముద్ద. మా ఆవిడ దాన్ని తెప్పించి, తలుపు వేసుకుని బెజ్జం మూసేసింది. చూస్తే నాకూ బాగానే మూసుకున్నట్టు కనిపించింది.

ఆదివారం పొద్దున్నే అమ్మ నన్ను కందికట్టె తెమ్మంది. మా ఊళ్ళో అయితే ఏ దొడ్లో అడిగినా ఇస్తారు. నల్లపాడులో ఎవరిస్తారు? వెనక చేలో ఆఖరి కోత అయిపోయి, పీకేసిన మిరపచెట్లు కుప్పగా ఎండుతున్నాయి. ఏ కట్టె అయితేనేం అనుకుని రైతును అడిగి రెండు మోపులు తెచ్చి ఇటుకల పొయ్యి పక్కన పడేశాను. వాటికి ఇంకా కోయకుండా వదిలేసిన తాలుకాయలు వేళ్ళాడుతున్నాయని నేను చూడలేదు. అద్దాలు పెట్టుకోని అమ్మ అసలే చూడలేదు.

పొయ్యి అంటుకుంది. ఆ తర్వాత జరిగింది గుంటూరు వాళ్ళకు చెప్పక్కర్లేదు. మొదట నేను దగ్గాను. తర్వాత మొదటి అంతస్తు దగ్గింది, ఆపైన రెండోది. మూడో అంతస్తాయన బాల్కనీలోకి హెల్మెట్ పెట్టుకుని వచ్చి మరీ తిట్టాడు. అనుమతి ఇచ్చిన ప్రెసిడెంటు తన కార్లో దూరి అద్దాలు ఎత్తేసుకున్నాడు. ఇంట్లో కిటికీలన్నీ బిగించి పసిదాన్ని లోపలి గదిలోకి తీసుకుపోయారు.

"ఒరేయ్, కందికట్టె తెమ్మంటే మిరపకట్టె తెచ్చావట్రా! కాయలన్నా దులపొద్దూ!" అంది అమ్మ, దగ్గుల మధ్య.

"ఏంటండీ మామ్మగారూ, దిష్టి తీస్తున్నారా?" అని పైనుంచి ఎవరో ఆవిడ అరిచింది.

"తియ్యలేదమ్మా. ఇంత ఘాటు వచ్చిందంటే మనకి దిష్టే లేదులే!" అని అమ్మ కూడా అరిచింది.

ఇంతలో పొయ్యిలో చుయ్‌మంది. మళ్ళీ చుయ్‌మంది. ప్లంబరు ముద్ద వేడికి కరిగి ఊడిపోయింది. కాగులో నీళ్ళన్నీ ధారగా పొయ్యిలోకి దిగి మంట ఆరిపోయింది. అపార్ట్‌మెంటంతా ఆ బెజ్జానికి దణ్ణం పెట్టుకుని ఉంటుంది.

అమ్మ వంగి, కాగును పక్కకి వాల్చి, అడుగున వేలు పెట్టి చూసింది.

"ఇది అరిగి పడ్డ చిల్లు కాదు. పెట్టిన బెజ్జం" అంది.

అమ్మ మమ్మల్ని తిట్టలేదు. గోడ పక్కన గట్టు మీద కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది. ఘాటుకి అక్కడ అందరి కళ్ళూ కారుతున్నాయి. అమ్మవి ఘాటుకు వచ్చిన నీళ్ళు కావని నాకు తెలుసు.

ఏం చేయాలో తోచక నేను నిలబడి ఉంటే మా ఆవిడ పైకి పరిగెత్తింది. వచ్చేటప్పుడు పాత నూలు చీర పీలిక, బెల్లం ముక్క, అమ్మ తమలపాకుల పెట్టెలోని సున్నం డబ్బా పట్టుకొచ్చింది. మా ఆవిడ పుట్టిల్లు చీరాలలో మగ్గాల ఇల్లు.

"మా ఇంట్లో నూలుకి రంగులు కాచే కాగులు కారితే మా అమ్మ ఇట్లాగే మూసేదండి అత్తయ్యా" అంటూ బెల్లం, సున్నం కలిపి నూరి, పీలికకు పట్టించి బెజ్జంలో దూర్చింది. తల ఎత్తకుండానే, "తప్పయిపోయింది అత్తయ్యా" అంది.

అమ్మ కాసేపు చూసింది. చూసి ఉండబట్టలేకపోయింది. "ఆ నొక్కడం ఏందే? లోపలి నుంచి నొక్కు. ఇటివ్వు" అని లేచి వచ్చింది. పది నిమిషాల్లో అత్తాకోడళ్ళిద్దరూ కాగులో తలలు దూర్చి ఒకళ్ళనొకళ్ళు సరిదిద్దుకుంటున్నారు. వాచ్‌మన్ ఎండబెట్టుకున్న కొబ్బరిమట్టలు అడిగి తెచ్చాను. ఈసారి మట్టలు ఒక్కొక్కటే దులిపి చూసింది అమ్మ, వాటికి మిరపకాయలు కాస్తాయన్నట్టు.

నీళ్ళు కాగాయి. బెజ్జం దగ్గర చెమ్మ తప్ప చుక్క రాలేదు. బాత్రూంలో పీట వేశారు. అమ్మ కూర్చోబోయింది, మోకాళ్ళు వంగలేదు. గోడ పట్టుకుని ఇంకోసారి ప్రయత్నించి ఊరుకుంది.

"నువ్వు కూర్చోవే. నేను నిలబడి పోస్తా" అంది.

మా ఆవిడ కాళ్ళు బార్లా చాపి కూర్చుని పసిదాన్ని కాళ్ళ మీద పడుకోబెట్టుకుంది. అమ్మ చెంబుతో ముంచి, మోచేత్తో వేడి చూసి పోసింది. గీజరు నీళ్ళకు రోజూ అపార్ట్‌మెంటు ఎగిరిపోయేలా ఏడ్చే పిల్ల ఈ రోజు కూడా అంతే ఏడ్చింది. "చూశావా, గొంతెంత గట్టిగా ఉందో!" అంది అమ్మ సంతోషంగా.

సాయంత్రం మా ఆవిడ చింతపండు, ఉప్పు పట్టుకుని కాగు దగ్గర కూర్చుంది. వార్నిష్ మాడి, అడుగంతా నల్లగా మసి పట్టింది.

"తోమబాకమ్మాయ్" అంది అమ్మ. "ఆ బెజ్జానికి రేపు కంచరివాడితో మాటు వేయించి పెట్టు. రెండో పిల్లకి కూర్చోవడం నువ్వు, పోయడం నేను."

లోపలి గదిలోంచి మా అమ్మాయి, "రెండో పిల్లా!" అని కేక పెట్టింది. అమ్మ వినిపించుకోలేదు. చెంబెడు నీళ్ళు కాగులో పోసి, కారుతుందేమోనని అడుగు వైపే చూస్తూ కూర్చుంది.