నన్ను పుట్టింటికి పంపని అత్త

మా అత్తంత గయ్యాళి ఎక్కడా లేదని మా పుట్టింటి ఊరు కోయిలకుంట్లలో ఇప్పటికీ అనేవాళ్లున్నారు. అననీ. ఆ మాట చెవిన పడినప్పుడల్లా నాకు గర్వంగానే ఉంటుంది.

కర్నూలు రాజధాని అయి, ఆఫీసులు గుడారాల్లో నడుస్తున్న రోజులు. నాకు తొలిచూలు. ఆత్మకూరు దారిలోని మా అత్తగారి ఊళ్లో జొన్నకోతలప్పుడు నా చీరకు నెత్తురు మరక కనబడింది. దాచాలనుకున్నాను. మా అత్త కంట పడకుండా ఆ ఇంట్లో ఈగ కూడా వాలలేదు, నేనెంత! ఆ మధ్యాహ్నమే బస్సెక్కించి కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయింది.

లేడీ డాక్టరు దీపం పెట్టి చూసింది. బిడ్డ బాగానే ఉందట. గర్భసంచి మూతి మీద మాత్రం తెల్లటి మచ్చ ఉందని, అక్కడ పుల్లతో మెల్లగా గీకి, గాజుపలక మీద పూసి మద్రాసుకు పంపింది. మేం మళ్లీ పోయేసరికి జవాబు వచ్చి ఉంది. అది క్యాన్సర్ కాదు, కానీ అలాగే వదిలేస్తే కొన్నేళ్లకు క్యాన్సర్ కావచ్చు.

"అయితే ఇప్పుడే కోసి తీసేయమ్మా" అంది అత్త.

"ఇప్పుడు కోస్తే నెత్తురు ఆగదు, బిడ్డ దక్కకపోవచ్చు. ఇది నిదానంగా పెరిగే జబ్బు. కాన్పు అయ్యేదాకా ముట్టుకోను. నెలనెలా తీసుకొచ్చి చూపించండి. ముదిరినట్టు కనబడితే అప్పుడు ఆలోచిద్దాం. ఆకు మందులు మాత్రం లోపల పెట్టించొద్దు" అంది డాక్టరు.

ఊరికే చూస్తూ కూర్చోవడం కూడా వైద్యమేనా అని నాకు అనుమానం. అత్త మారుమాట లేకుండా తలూపింది. బస్సు దిగాక, "ఈ సంగతి మనిద్దరి మధ్యనే ఉండాల. ఒక్కరికి తెలిసినా నిన్ను బావి కాడికి గూడా రానియ్యరు" అంది.

ఏడో నెలలో మా అమ్మ బండి కట్టించుకుని, పిండివంటలతో దిగింది. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి కదా. మా ఊళ్లో మంత్రసాని నెత్తురు కనబడితే చాలు, ఆకు పసరులో గుడ్డ తడిపి లోపల పెట్టేది. అక్కడినుంచి నెలనెలా కర్నూలుకు రావడం కూడా కుదిరే పని కాదు.

"పంపను" అంది అత్త.

"అదేంది వదినా! ఎందుకు పంపవు?"

"పిల్లను పంపిస్తే ఈడ పనెవురు చేస్తారు? నేనా?"

ఇరుగుపొరుగు పోగయ్యారు. "నా బిడ్డను గొడ్డు మాదిరి వాడుకుంటాండావే! నీకు కడుపుతీపి లేదా?" అని మా అమ్మ వీధిలో నిలబడి మట్టెత్తి పోసింది. నిజానికి ఆ మరక చూసిన రోజునుంచి అత్త నన్ను చెంబెడు నీళ్లు కూడా ఎత్తనివ్వలేదు. నేను నోరు తెరవబోయాను. అత్త ఒక్క చూపు చూసింది, మూసుకున్నాను. మా అమ్మకు చెబితే పొద్దు గూకేలోగా కోయిలకుంట్ల అంతా తెలిసేది, అది వేరే సంగతి.

నెలనెలా పోయాం. పోయిన ప్రతిసారీ డాక్టరు చూసి, "అలాగే ఉంది, భయం లేదు" అనేది. కర్నూలులోనే ఆడపిల్ల పుట్టింది, బొద్దుగా. బాలింతతనం తీరాక డాక్టరు మళ్లీ గీకి మద్రాసుకు పంపింది. మచ్చ దానంతటదే తగ్గిపోయింది, కోయాల్సిన పనే లేదని జవాబు. ఏడాదికోసారి వచ్చి చూపించుకుంటే చాలంది.

ఆ వారమే బిడ్డనెత్తుకుని, అత్తను వెంటబెట్టుకుని కోయిలకుంట్ల పోయాను. వంటింటి తలుపు మూసి, మా అమ్మకు ఉన్నదంతా చెప్పాను. ఎవరికీ చెప్పనని ముందు బిడ్డ మీద ఒట్టు వేయించాను. ఒట్టు నిలబెట్టుకుంది, మెచ్చుకోవాలి.

అమ్మ లేచి పోయి అత్త పక్కన కూర్చుంది. "అన్నన్ని మాటలు పడినావే. నాకొక్కదానికన్నా చెప్పింటే తిట్టేదాన్నా, వదినా?" అంది.

"తిట్టేదానివి కాదులే. దాని మొగం చూసి దినామూ ఏడ్చేదానివి" అంది మా అత్త. "నీ తిట్లు నేను మోస్తా. నీ ఏడుపు కడుపుతో ఉండే పిల్ల మోయలేదు."