చక్రాలకు మడి కట్టించిన మామ్మగారు

వెంకటరమణమ్మ గారికి మోటారుసైకిలు ఎక్కడమంటే భయం. కొడుకు వెనక కూర్చుని ఊరు చేరేదాకా కళ్ళు తెరిచేది కాదు. అలాంటి మనిషి కొలకలూరు రోడ్డులోని మా షెడ్డులో కొన్ని వందల మోటారుసైకిలు చక్రాలను రంగుకు సిద్ధం చేసింది. నేను ఏ పనిలోనూ కుదురుగా ఉండే రకం కాదు. కాలేజీ మధ్యలో మానేశాను. రేపల్లెలో సెల్‌ఫోన్ల కొట్టు, చెరుకుపల్లిలో ఎరువుల కొట్టు, రెండూ వదిలేశాను. ఇక్కడ నిలిచానంటే ఆవిడ చలవే.

రెండువేల ఏడులో ఆవిడ కొడుకు శేషగిరి బడిపంతులు ఉద్యోగం మానేసి ఈ పౌడర్ కోటింగ్ షెడ్డు పెట్టాడు. చక్రం మీద పొడిరంగు చల్లి ఓవెన్‌లో కాలిస్తే, పొడి కరిగి అద్దంలా అతుక్కుంటుంది. ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. "చక్రాన్ని కాల్చడమేంటండీ?" అని నవ్వి పోయేవాళ్ళు. చివరికి బాపట్ల మెకానిక్కు జార్జి, ఉప్పుగాలికి రంగు లేచిపోయిన చక్రాలు కొన్ని పంపాడు.

"ఇవి బాగుంటే మా షాపు చక్రాలన్నీ నీకే పంతులూ. పొక్కాయా, ఎప్పట్లాగే బెజవాడ పంపుకుంటా" అన్నాడు.

ఆ పని రాకపోతే షెడ్డుకు తాళమేనని శేషగిరి మాకు దాచకుండా చెప్పాడు.

మేమంటే నేనూ, ఏసుబాబూ. ఏసుబాబుది చుండూరు. అంతకుముందు ఇనప గేట్లకు రంగులేసేవాడు. ఇద్దరం టైర్లు ఊడదీసి, బేరింగులు తీసి, పాత రంగు మందుతో ఒలిచి, గాలి గొట్టంతో ఇసుక కొట్టి, కడిగి ఆరబెట్టి, కొక్కేలకు వేలాడదీశాం. ఒలిచిన ముంజల్లా ఉన్నాయి. తృప్తిగా టిఫినుకు వెళ్ళాం.

తిరిగొచ్చేసరికి మామ్మగారు వచ్చి వెళ్ళింది. కొడుకు మొదటి పెద్ద పని కదా అని ప్రతి చక్రానికీ పసుపు రాసి బొట్టు పెట్టింది. రాలిపోకుండా పసుపులో నువ్వులనూనె కూడా కలిపింది. ఏసుబాబు నసిగాడు గానీ, శేషగిరి గుడ్డతో తుడిచేసి "పోయింది, కానివ్వండి" అన్నాడు.

పొడి చల్లి, కాల్చి, ఓవెన్ తలుపు తీశాం. బొట్టు ఉన్న చోటల్లా పొక్కులు.

"అమ్మోరు పోసినట్టుందండి" అన్నాడు ఏసుబాబు. ఎవరికీ నవ్వు రాలేదు. మర్నాడు సాయంత్రం జార్జి వస్తాడు.

ఇంతలో మామ్మగారు కాఫీ ఫ్లాస్కుతో వచ్చింది. రోజూ తెచ్చేది. ఏసుబాబుకు మాత్రం చేతికివ్వకుండా గ్లాసు కింద పెట్టేది. అది చూస్తే నాకు ఒళ్ళు మండేది.

"ఏంట్రా, అందరూ అలా చతికిలబడ్డారు?"

ఏసుబాబే చెప్పాడు. "మీ బొట్టేనండి మామ్మగారు. నూనె తగిల్తే పొడి పట్టదండి. ఉత్త చెయ్యి తగిలినా అంతేనండి, చేతికీ జిడ్డుంటది."

"నా చెయ్యా?"

"ఎవరి చెయ్యయినానండి. నాదైనా, సార్‌దైనా."

ఆవిడ వంగి ఆ పొక్కులను చూసింది. "అంటే కడిగిన దగ్గర్నుంచి ఎవరూ ముట్టుకోకూడదు. అంతేగా?"

"అంతేనండి."

"అది మడిరా! ఆ మాట ముందే చెప్పి ఏడవచ్చుగా! బుద్ధెరిగినప్పట్నుంచీ చేస్తున్నాను."

మర్నాడు మాకంటే ముందొచ్చి కూర్చుంది. మేం మళ్ళీ రంగు ఒలిచి ఇసుక కొట్టాం. రబ్బరు తొడుగులు వేసుకుని కడగడం తను అందుకుంది. నీళ్ళు పోస్తే జారిపోకుండా పూసలు కట్టాయంటే ఇంకా జిడ్డుందని ఏసుబాబు గుర్తు చెప్పాడు. ఇక మా ప్రాణం తీసింది. "ఇదుగో ఇక్కడ పూస కట్టింది. నీళ్ళు తే!" కడిగినవన్నీ కొక్కేలకెక్కాక గుమ్మంలో పీట వేసుకుంది. కన్నకొడుకు లోపలికి రాబోతే "అక్కడే ఆగు, మడిలో ఉన్నాయి!" అని కేకేసింది.

పొడి చల్లిన చక్రాన్ని ముట్టుకుంటే పొడి రాలిపోతుంది. కొక్కెంతో సహా ఇనప కడ్డీకి తగిలించి, చెరో చివర పట్టుకుని ఓవెన్‌లోకి చేర్చాలి. నేను పొడి చల్లుతున్నాను, శేషగిరి ఓవెన్ దగ్గరున్నాడు. ఏసుబాబు కడ్డీ ఒక చివర పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు. మామ్మగారు కొంగు దోపుకుని వచ్చి రెండో చివర పట్టుకుంది.

"నడు. ఊపకు" అంది.

సగం చక్రాలు లోపలుండగానే జార్జి దిగాడు. కొక్కేనికున్న చక్రం మీదకు చెయ్యి చాపాడు.

"ముట్టుకోకు నాయనా!"

జార్జి ఉలిక్కిపడ్డాడు. "నేను మెకానిక్కునమ్మా!"

"అయితే జిడ్డు మరీ ఎక్కువ. వెనక్కి జరుగు."

అతను పగలబడి నవ్వి, బయట బెంచీ మీద బుద్ధిగా కూర్చున్నాడు. చక్రాలు చల్లారాక గోటితో గీకాడు, తాళంచెవితో గీకాడు. ఒక్క పొక్కు లేదు.

"రేపు ఆటో పంపుతున్నా పంతులూ. దించుకోడానికి చోటుందా?"

శేషగిరి షెడ్డంతా చూసుకునేలోపే "ఉంది నాయనా" అని వాళ్ళమ్మే చెప్పింది.

బొట్టు ఆవిడ మానలేదు. చక్రాలు చల్లారాక, నూనె లేకుండా, ఆ రోజే అన్నిటికీ పెట్టింది. తర్వాత ఫ్లాస్కు తీసి కాఫీ పోసి గ్లాసు ఏసుబాబుకు అందించింది. అతను అలవాటుగా గ్లాసు కింద పెడుతుందేమోనని ఆగాడు.

"పట్టుకోవయ్యా, చెయ్యి కాలుతోంది" అంది మామ్మగారు.