మాణిక్యమ్మ పిన్ని ఎడమ కాలు

పక్క వాటాలో ఎవరో నువ్వుల నూనెలో కర్పూరం వేసి కాస్తున్నారు. ఆ వాసన తగలగానే కాఫీ గ్లాసు అక్కడే పెట్టేసి వెళ్ళి తలుపు కొట్టాను. "నొప్పి ఎవరికమ్మా? రెండు కాళ్ళా, ఒక్క కాలా?" తలుపు తీసిన అమ్మాయి తెల్లబోయింది. వాళ్ళ మామగారికి మెడ పట్టేసిందట. హమ్మయ్య అనుకుని వచ్చేశాను. తెనాలిలో నన్ను చాదస్తపు మనిషి అనుకునే ఇళ్ళు చాలానే ఉన్నాయి, ఇప్పుడు ఇదొకటి చేరింది. అనుకోనీ.

రేపల్లె నుంచి ఇక్కడి చీరల దుకాణంలో పనికి వచ్చేనాటికి నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. భర్త పోయాడు, పిల్లలు లేరు, నలుగురిలో నోరు పెగిలేది కాదు. పట్టుచీరల కౌంటరు దగ్గర మేమంతా పిన్ని అని పిలిచే మాణిక్యమ్మ అప్పటికే పాతికేళ్ళుగా నిలబడి ఉంది. నిలబడి అని ఉత్తినే అనడం లేదు. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు దించేదాకా అమ్మేవాళ్ళు కూర్చోకూడదని మా యజమాని నియమం. కౌంటరు కింద ఒక్క స్టూలు ఉండేది. ఆయన భోజనానికి వెళ్ళగానే పిన్ని దాన్ని నా వైపు తోసేది. "కూర్చోవే, ఆయనొస్తే నేను చెప్తాలే." మీరు కూర్చోండి పిన్నీ అంటే, "నాకేంటే, నా కాళ్ళు గట్టివి" అనేది. గట్టివేం కాదు. కుచ్చిళ్ళు కాస్త పైకి లేస్తే పిక్కల మీద నీలంగా మెలికలు తిరిగిన నరాలు కనబడేవి. సాయంత్రానికి పాదాలు వాచి చెప్పులు పట్టేవి కావు.

నాకు మాట నేర్పింది ఆవిడే. ఒకసారి నిజాంపట్నం నుంచి ఒకావిడ కూతురి పెళ్ళికి చీర కోసం వచ్చింది. నేను గబగబా పట్టుచీరలు పరిచేస్తుంటే పిన్ని మోచేతి దగ్గర గిల్లింది. "చీరలు తర్వాతే. బస్సు దిగి వచ్చింది, ముందు మంచినీళ్ళివ్వు." ఆవిడ నీళ్ళు తాగి, పిల్ల నలుపనీ, ఎరుపు నప్పదని అందరూ అంటున్నారనీ చెప్పి ఏడ్చినంత పని చేసింది. పిన్ని ఎర్రచీరే తీసి ఆ తల్లి భుజం మీద వేసింది. "పిల్లది నీ రంగేగా అమ్మా? అద్దంలో చూసుకో, ఎంత బావున్నావో." ఆవిడ ఆ చీరే తీసుకుంది. మనుషులంటే నాకున్న బెరుకు ఆ రోజుతో సగం పోయింది.

నేను చేరిన కొన్నేళ్ళకి, ఒక ఏడు ఆషాఢం తగ్గింపు అమ్మకాలు నెల పొడుగునా ఊపిరాడనివ్వలేదు. అవి ముగిసిన మర్నాడు దుకాణానికి సెలవు. మధ్యాహ్నం పిన్ని గదికి వెళ్తే మంచం మీద కూర్చుని ఉంది. ఎడమ పిక్క ఒక్కటే వాచి ఎర్రబడింది, ముట్టుకుంటే కాలుతోంది. "ఇది రోజూ వచ్చే నొప్పి కాదే. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తావా?" అంది. అన్నేళ్ళలో ఆవిడ నన్నడిగిన సాయం అదొక్కటే. నేనేం చేశాను? నవ్వాను! "దీనికి డాక్టరెందుకు పిన్నీ? నిలబడీ నిలబడీ పిక్క పట్టేసింది. పెనుమూడిలో మా అమ్మమ్మ చెయ్యి పడితే ఎంతటి నొప్పయినా పోయేది. ఆ చెయ్యే నాది, చూడండి." నువ్వుల నూనెలో కర్పూరం వేసి వెచ్చజేసి, అరగంట పైగా బొటనవేళ్ళతో నొక్కి నొక్కి రుద్దాను. ఆవిడ పళ్ళబిగువున ఓర్చుకుంది. నేను మాత్రం పెద్ద వైద్యం చేసినట్టు పొంగిపోయాను.

మర్నాడు పొద్దున ఆయాసంతో కూలబడిపోయింది. ఆస్పత్రిలో చేర్చాం. కబురు తెలిసి బాపట్ల నుంచి ఆవిడ చెల్లెలి కూతురు సరళ వచ్చింది. కాలి నరంలో రక్తం గడ్డకట్టిందనీ, అందులో ముక్క ఊపిరితిత్తులకు చేరిందనీ డాక్టరు చెప్పాడు. "ఈ కాలు ఎవరన్నా గట్టిగా రుద్దారా?" అని అడిగాడు. నేను చేతులు కొంగు చాటుకి లాక్కున్నాను. మంచం మీద నుంచి పిన్ని అంది, "నేనే రుద్దుకున్నానండి."

"ఒక్క కాలే ఇలా వాస్తే రుద్దకూడదమ్మా, వెంటనే రావాలి" అన్నాడాయన. రుద్దకపోయినా ఆ ముక్క కదిలేదేమో, చెప్పలేమని కూడా అన్నాడు. ఆ రెండో మాట పట్టుకుని బతుకుదామని చాలాసార్లు చూశాను. కుదరలేదు.

మూడో రోజు పిన్ని పోయింది. సరళ ఏడుస్తూ వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పింది. "ఎంత మొండిదండీ మా పెద్దమ్మ! డాక్టరు దగ్గరికి వెళ్ళకుండా తన కాలు తనే రుద్దుకుని ప్రాణం మీదికి తెచ్చుకుంది." నేను పక్కనే నిలబడి తలూపాను. తలూపానండీ! అంతకంటే సిగ్గుమాలిన పని నా జన్మలో చేయలేదు.

ఇప్పుడు ఆ కౌంటరు నాది. పగలంతా వందమందితో మాట్లాడతాను, గదికి వచ్చాక తిన్నావా అని అడిగే మనిషి లేదు. పిన్ని ఉంటే అడిగేది. ఎవరైనా కాలు ఒక్కటే వాచిందంటే చీరల మాట పక్కన పెట్టి ఆస్పత్రికి తరుముతాను. దాంతో నా తప్పు తీరదని తెలుసు. సరళ ఇప్పటికీ మా దుకాణానికే వస్తుంది. పెద్దమ్మ మాటొస్తే "మొండిది" అంటుంది. నేను తలొంచుకుని చీర మడతపెడతాను.

సరళా, మీ పెద్దమ్మ మొండిది కాదమ్మా. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని నన్ను అడిగింది. అక్కర్లేదని చెప్పి ఆ కాలు రుద్దింది నేను.